ఫోన్‌కు ఏడు ట్యాపులు చాలు, కన్సోల్‌కు ఎందుకు చాలవు?

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి. ఇప్పుడు మీరు డెవలపర్ అని కింద మెసేజ్ వస్తుంది. ఎనిమిది వేల ఫోనైనా, లక్ష రూపాయల ఫోనైనా ఇదే పద్ధతి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, మీరు రాసిన యాప్‌ను మీ ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

మొన్న దసరాకి నడిగూడెం వెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు తను చేసిన గేమ్ చూపించాడు. వాడు కోదాడలో బీటెక్ మూడో సంవత్సరం. యూనిటీలో చేసిన చిర్రగోనె ఆట, మీ ఊళ్లో గూటీబిళ్ల అంటారేమో. ఫోన్‌లో బాగానే ఆడుతోంది. "అన్నా, దీన్ని మన పీఎస్4లో ఎక్కించి టీవీలో ఆడదామా?" అన్నాడు. కుదరదురా అన్నాను. "ఎందుకు కుదరదు? డబ్బులు పెట్టి కొన్నాం కదా, అది మనదే కదా?" అని అడిగాడు. అప్పటికి నా దగ్గర సరైన జవాబు లేదు.

టెక్నికల్ జవాబు అయితే తేలికే. షాపులో దొరికే కన్సోల్ తన కంపెనీ సంతకం, అంటే డిజిటల్ సిగ్నేచర్, ఉన్న కోడ్‌ను మాత్రమే నడుపుతుంది. ఇంకా తయారీలో ఉన్న గేమ్‌కు ఆ సంతకం ఉండదు. అందుకని డెవలపర్లకు వేరే మెషిన్ ఇస్తారు, అదే డెవ్‌కిట్. సంతకం లేని కోడ్‌ను అది నడుపుతుంది, గేమ్ ఎక్కడ ఆగిందో, మెమరీ ఎక్కడ నిండిందో పీసీకి చెబుతుంది. డీబగ్గింగ్ టూల్స్ కూడా కొంత మెమరీ తింటాయి కాబట్టి ర్యామ్ ఎక్కువ పెడతారు. మామూలు పీఎస్2లో 32 ఎంబీ ఉంటే దాని డెవ్‌కిట్‌లో 128 ఎంబీ. ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌లో 12 జీబీ ఉంటే దాని డెవ్‌కిట్‌లో 24 జీబీ, పైగా ముందువైపు చిన్న ఓఎల్ఈడీ డిస్‌ప్లే.

నాలాంటి స్పెక్స్ పిచ్చోడికి ఇంతకంటే రివ్యూ చేయాలనిపించే గ్యాడ్జెట్ ఉండదు. కానీ డెవ్‌కిట్ రివ్యూ ఏ సైట్‌లోనూ రాదు. దాన్ని తీసుకునేవాళ్లు రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పీఎస్5 డెవ్‌కిట్ వీ ఆకారంలో ఉంటుందని కూడా 2019లో బ్రెజిల్ పేటెంట్ ఆఫీసు నుంచి బయటపడ్డ బొమ్మల వల్లే జనానికి తెలిసింది.

ఇంటికొచ్చాక ఊరుకోలేక ఒక కన్సోల్ కంపెనీ డెవలపర్ ఫారం నింపాను, పేరు వద్దులెండి. కంపెనీ పేరు, కంపెనీ డొమైన్‌తో ఈమెయిల్, వెబ్‌సైట్, ఇంతకు ముందు విడుదల చేసిన గేమ్స్, మారని ఐపీ అడ్రస్ అన్నీ అడిగారు. మా బాబాయి ఇంట్లో ఉన్నది కేబుల్ ఆయన వేసిన ఫైబర్, రౌటర్ ఆపి వేస్తే ఐపీ మారిపోతుంది. ఉన్నంతలో నిజం రాసి పంపాను. రిజెక్ట్ చేసినా బాగుండేది, అసలు జవాబే రాలేదు.

ఇది పల్లెటూరి కష్టమని అనుకోకండి. హైదరాబాద్‌లో తలుపు ఒకసారి తెరుచుకుంది కూడా. 2009లో పీఎస్2 మీద 'హనుమాన్: బాయ్ వారియర్' వచ్చింది. పూర్తిగా ఇండియాలో తయారైన తొలి కన్సోల్ గేమ్ అని చెప్పుకున్న ఆట అది, చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. అదే ఏడాది 'దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా' పీఎస్2, పీఎస్‌పీలకు వచ్చింది, అది గేమ్‌శాస్త్ర అనే మరో హైదరాబాద్ స్టూడియోది. అందులో కబడ్డీ ఉంది, గాలిపటాలు ఉన్నాయి, మా తమ్ముడు ఇప్పుడు కిందామీదా పడుతున్న గూటీబిళ్ల కూడా ఉంది. అంటే వాడు పుట్టి ఎన్నో ఏళ్లు కాకముందే, హైవే ఎక్కితే మూడు నాలుగు గంటల దూరంలో, మనవాళ్లు ఇదే ఆటను ప్లేస్టేషన్ మీద ఆడించేశారు.

ఆ ఆటలు గొప్పవని నేను అనను. హనుమాన్ అప్పటి పీఎస్2 ఆటల పక్కన పెడితే తేలిపోతుంది. నా బాధ వేరే. వాటిని చేసిన ఇంజనీర్లు నేర్చుకున్నది ఎక్కడుంది? పీఎస్2 లోపల ఎమోషన్ ఇంజిన్‌తో, దాని రెండు వెక్టర్ యూనిట్లతో కుస్తీ పట్టడమంటే మామూలు విషయం కాదు. కానీ ఒప్పందం ప్రకారం ఆ ఎస్‌డీకే గురించి బయట రాయకూడదు, తెలుగులో ఒక వీడియో చేయకూడదు, కాలేజీకొచ్చి పాఠం చెప్పకూడదు. ప్రాజెక్ట్ అయిపోతే డెవ్‌కిట్ మూలన పడుతుంది, లేదా వెనక్కి పోతుంది. మనిషి వేరే కంపెనీలో జావా ఉద్యోగంలో చేరతాడు. ఆండ్రాయిడ్ యాప్ ఎలా చేయాలో తెలుగులో వీడియోలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. కన్సోల్ గురించి ఒక్కటి వెతికి చూడండి. హైదరాబాద్‌లో ఈఏ ఆఫీసు ఉంది, పీఎస్5, ఎక్స్‌బాక్స్ రెండిటికీ చిప్ ఇచ్చే ఏఎండీ ఆఫీసూ ఉంది. అయినా కోదాడ కుర్రాడికి తెలిసేది సున్నా.

ఈ రహస్యం ఎంత దూరం పోతుందంటే, గోడో అనే ఫ్రీ గేమ్ ఇంజిన్ ఉంది కదా, అది ఓపెన్ సోర్స్ కావడం వల్లే కన్సోల్ సపోర్ట్‌ను నేరుగా ఇవ్వలేదు. కన్సోల్ కోడ్ అందరికీ కనిపించేలా పెడితే ఒప్పందం తప్పినట్టే.

సోనీకి ఇది తెలియని సంగతి కాదు. 1997లో అమెరికా, యూరప్‌లలో నెట్ యారోజ్ అనే నల్లటి ప్లేస్టేషన్ అమ్మింది. అమెరికాలో 750 డాలర్లు. సీరియల్ కేబుల్‌తో పీసీకి తగిలించి, ఇంట్లో కూర్చుని సీ లాంగ్వేజ్‌లో ఆటలు రాసుకునేవాళ్లు. 2002లో పీఎస్2కి లైనక్స్ కిట్ ఇచ్చింది. పీఎస్3లో మొదట వేరే ఓఎస్ వేసుకోనిచ్చి, 2010 ఏప్రిల్ 1న 3.21 అప్‌డేట్‌తో తీసేసింది. చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారట!

తీసేసింది సెక్యూరిటీ కోసం అన్నారు. దీన్ని కొట్టిపారేయలేం, కన్సోల్‌లో ఒక చిన్న కంత దొరికితే పైరసీ మొదలవుతుంది, ఆన్‌లైన్ ఆటల్లో చీటింగ్ మొదలవుతుంది. కానీ తర్వాత ఏం జరిగింది? అదే ఏడాది డిసెంబర్‌లో బెర్లిన్ హ్యాకర్ల సదస్సులో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే బృందం పీఎస్3 సంతకం తాళాన్నే లెక్క కట్టి చూపించింది. లైనక్స్ వేసుకుని తమ పని తాము చేసుకునేవాళ్లకు తలుపు మూసేస్తే, వాళ్లూ గోడ దూకేవాళ్లతో కలిశారు.

మైక్రోసాఫ్ట్ ఇంకో దారి పట్టింది. 2016 నుంచి షాపులో కొన్న ఎక్స్‌బాక్స్‌లోనే డెవ్ మోడ్ ఉంది. స్టోర్‌లో యాప్ దించుకుని, అది చూపే కోడ్‌ను డెవలపర్ అకౌంట్‌లో కొట్టి, రీస్టార్ట్ చేయాలి. వ్యక్తిగత అకౌంట్‌కు చాలాకాలం 19 డాలర్లు, అదీ ఒక్కసారే. ఆ మోడ్‌లో ఉన్నంతసేపు కొన్న గేమ్స్ నడవవు, మామూలు మోడ్‌కు తిరిగొస్తే మీరు రాసిన కోడ్ నడవదు. రెండిటి మధ్య గోడ, పైరసీ భయానికి అదే సమాధానం. నన్నడిగితే సోనీ, నింటెండో ఇదే పని చేయాలి. ఆండ్రాయిడ్ ఏడు ట్యాపులంత సులువుగా వద్దు, ఐడీ అడగండి, ఫీజు తీసుకోండి, స్టోర్‌లో అమ్మనివ్వకండి. నా మెషిన్‌లో నా కోడ్ నడిపించుకోనివ్వండి, చాలు.

ఎక్స్‌బాక్స్ దారి కూడా పూర్తి రోడ్డు కాదు, సగం వరకే తారు. డెవ్ మోడ్‌లో యూడబ్ల్యూపీ రకం యాప్స్ మాత్రమే నడుస్తాయి, మెషిన్ బలమంతా చేతికి రాదు. అసలు ఎస్‌డీకే కావాలంటే ఐడీ ఎట్ ఎక్స్‌బాక్స్‌లో అప్లై చేసి ఒప్పుకునేదాకా ఆగాలి. మనం రివ్యూల్లో ఫ్రేమ్ రేట్, ఫ్యాన్ సౌండ్ కొలుస్తాం కదా, యాభై వేల వస్తువు మీద యజమాని తన ప్రోగ్రామ్ తను నడపగలడా అన్నది కూడా అడగాలి. ఆ ఒక్క విషయంలో 2020లో 34,990కి వచ్చిన సిరీస్ ఎస్, పీఎస్5 కంటే మెరుగు.

చివరికి నా రూమ్మేట్ సిరీస్ ఎస్ బ్యాగులో వేసుకుని దీపావళికి మళ్లీ ఊరెళ్లాను. డెవ్ మోడ్ ఆన్ చేయడానికి ఇరవై నిమిషాలు, విజువల్ స్టూడియోతో వాడి ల్యాప్‌టాప్‌ను కలపడానికి రెండు గంటలు పట్టింది. రాత్రి పదకొండింటికి బాబాయి హాల్లో టీవీ మీద చిర్రగోనె ఎగిరింది. ఫోన్‌లో ఎప్పుడూ కనిపించని తప్పులు రెండు బయటపడ్డాయి. స్కోరు సగం టీవీ అంచు అవతలికి పోతోంది. కంట్రోలర్ స్టిక్ వదిలేసినా గోనె దానంతటదే ఎడమకు జరుగుతోంది, డెడ్ జోన్ పెట్టడం మరిచిపోయాడు. పొద్దున నేను లేచేసరికి రెండోది సరిచేసి, మొదటిదాని మీద కూర్చున్నాడు.