నాగమ్మని దేవతని చెయ్యక్కర్లేదు

రష్యా జానపద మంత్రగత్తె బాబా యాగాని స్త్రీవాద దృష్టితో తిరగరాస్తే మనోళ్ళు మురిసిపోతున్నారు. సంతోషం. మరి మన పల్నాటి నాయకురాలు నాగమ్మ సంగతేంటి?

కోడిపందెంలో రాజ్యం ఒడ్డింది ఇటు గురజాల, అటు మాచర్ల. ఓడి వలసపోయిన బ్రహ్మనాయుడు మహానుభావుడు, గెలిచిన నాగమ్మ మాయలాడి! 'పల్నాటి యుద్ధం' సినిమాల్లో 1947లో కన్నాంబ వేసినా, 1966లో భానుమతి వేసినా ఆవిడ విలనే.

అలాగని ఆవిణ్ణి అమాయకురాల్ని చేసే కథలూ నాకొద్దు. అలరాజుకి విషం పెట్టించిందని కథ చెప్తోందా, ఉండనివ్వండి. కారెంపూడి రణంలో ఆవిడ వాటా ఆవిడదే. కానీ బ్రహ్మనాయుడి వాటా కూడా లెక్కెయ్యండి.

చాణక్యుడు ఎత్తు వేస్తే రాజనీతి, నాగమ్మ వేస్తే కుట్రా? ఇదెక్కడి లెక్కండీ?