నల్ల బెల్టు రాగానే మానేస్తారా?

మా హిందూపురంలో సాయంత్రం ఆరింటికి కరాటే క్లాసు ముందు నిలబడి చూడండి. లోపల పిల్లలు, బయట మెట్ల మీద అమ్మలు. ఫీజు కట్టేదీ, చెమట యూనిఫాం తెల్లగా ఉతికేదీ వాళ్ళే. మూడేళ్ళు నేనూ ఆ మెట్ల మీదే కూర్చున్నాను. నాలుగేళ్ళ కిందట లోపలికి వెళ్ళాను. "ఈ వయసులో ఎవర్ని కొట్టాలనమ్మా?" అన్నారు మా అత్తయ్య.

ఎవర్నీ కొట్టడానికి కాదు. కానీ ఇంట్లో టైము చాలనప్పుడు మొదటి కోత మన సాధనకే ఎందుకు పడాలి? మా ఆయన పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. షిఫ్టు మారితే నా క్లాసు పోతుంది గానీ, ఆయన వాకింగ్ పోదు. మా పాప తొమ్మిదో తరగతిలో నల్ల బెల్టు తెచ్చుకుంది. ఇంటిల్లిపాదీ ఫొటోలు దిగి, "ఇక చాలు, వచ్చే ఏడు టెన్త్" అన్నారు.

ఏం చాలు? మొదటి నల్ల బెల్టును జపాన్ భాషలో 'షోదాన్' అంటారు. అంటే తొలి మెట్టు. అక్షరాభ్యాసం అయిందని పలకను అటక మీద పెట్టేస్తామా? అసలీ బెల్టులు కరాటేలో పుట్టినవి కూడా కావు. జూడో స్థాపించిన జిగోరో కానో మొదలుపెట్టిన పద్ధతిది. కరాటే తర్వాత అరువు తెచ్చుకుంది.

ధర్మవరంలో పట్టుమగ్గం నేసే మా మరదలికి ఇదంతా చెబితే నవ్వింది. "ఒక్క చీర నేసినాక మగ్గం వచ్చేసిందని ఎవరన్నా దిగేస్తారా వదినా?" అంది.

ఆ మాటకు నాకు ఫునాకోషి గారి భార్య గుర్తొచ్చింది. 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్ళి కరాటేను జపానంతా తెలిసేలా చేసిన బడిపంతులు ఫునాకోషి. ఆయన జీతం చాలక ఆమె గుడ్డ నేసేది. బాగా అలిసిపోయిన రోజు పడుకోకుండా బయటికి వెళ్ళి కటా చేసేదని, చివరికి ఎంతో నైపుణ్యం సాధించిందని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. మగ్గం, పిల్లలు, వంట అన్నీ ఉన్నా ఆమె సాధన ఆగలేదు. మనకు టైము లేదంటే ఎట్లా?

నేను తెల్లవారకముందే మిద్దె మీద 20 నిమిషాలు చేస్తాను. ఒక్కటే కటా, హెయాన్ షోదాన్. ఎదుట మనిషి లేకుండా వరసగా చేసే 21 కదలికలు. గుద్దు వేసేటప్పుడు నా వెనక మడమ నేల మీంచి లేస్తోందని తెలుసుకోవడానికే ఆరు నెలలు పట్టింది. దాన్ని నేలకు ఆనించడానికి ఇంకో ఏడాది. దానికి ఏ బెల్టూ రాలేదు, ఎవరూ ఫొటో తీయలేదు. నాకు సాధన అంటే అదే.

అందుకే పాప యూనిఫాం బీరువాలో పెట్టనివ్వలేదు. టెన్త్ అయితే ఏం? రోజుకు 20 నిమిషాలతో మార్కులు పోవు. ఇప్పుడు ఇద్దరం కలిసే మిద్దె ఎక్కుతున్నాం. ఆ పూట కాఫీ మా ఆయనే కలుపుకుంటారు.

మెట్ల మీద కూర్చున్న అమ్మలూ, లేవండి. చెప్పులు విప్పి లోపలికి రండి.