అడగని అప్‌గ్రేడ్‌కు మేమెందుకు డబ్బు కట్టాలి? సత్య నాదెళ్ల గారికి బహిరంగ లేఖ

వెంట్‌వర్త్‌విల్, సిడ్నీ
నవంబరు 2025

గౌరవనీయులైన సత్య నాదెళ్ల గారికి,



నవంబరు 6న మీరు నడిపే మైక్రోసాఫ్ట్ ఆస్ట్రేలియాలోని చందాదారులకు క్షమాపణ లేఖ పంపింది. ప్లాన్ల గురించి, ధరల గురించి ఇంకా స్పష్టంగా చెప్పి ఉండాల్సిందని అందులో ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు సంతోషమే. కానీ ఆ వెంటనే పెట్టిన షరతు చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఎక్కువగా కట్టిన డబ్బు వెనక్కి రావాలంటే డిసెంబరు 31లోగా ఖాతాదారే వెళ్లి తన ప్లాన్ మార్చుకోవాలట. తప్పు జరిగింది మీ దగ్గర, గడువు మాత్రం మాకు. ఇదేం పద్ధతండీ?

జరిగిందంతా మీకు తెలుసు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 2024 అక్టోబరు ఆఖరులో మైక్రోసాఫ్ట్ 365లోకి కోపైలట్ అనే ఏఐ సహాయకుణ్ని తెచ్చి కలిపారు. పర్సనల్ ప్లాన్ ఏడాదికి 109 ఆస్ట్రేలియన్ డాలర్ల నుంచి 159కి ఎగబాకింది. ఫ్యామిలీ ప్లాన్ 139 నుంచి 179 అయింది. ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టుకున్నవాళ్లకు ఈమెయిళ్లు వెళ్లాయి: ఇకనుంచి ధర ఇదీ, ఇష్టం లేకపోతే రద్దు చేసుకోవచ్చు అని. కోపైలట్ లేకుండా పాత ధరకే కొనసాగే క్లాసిక్ ప్లాన్ ఒకటి ఉందన్న సంగతి వాటిలో చెప్పలేదని ఇక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ ఏసీసీసీ ఆరోపిస్తోంది. దాదాపు 27 లక్షల మందిని ఇలా తప్పుదారి పట్టించారంటూ 2025 అక్టోబరు 27న ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. తీర్పు చెప్పాల్సింది కోర్టు, అందులో నేను వేలు పెట్టను.

నా బాధ తీర్పు గురించి కాదు. ఆ క్లాసిక్ ప్లాన్ ఎక్కడ కనిపించేదో ఒక్కసారి చూడండి. ఏసీసీసీ చెప్పిన ప్రకారం ఖాతాలోకి వెళ్లి, సబ్‌స్క్రిప్షన్ల పేజీ తెరిచి, రద్దు చేసే బటన్ నొక్కి, ఇంకా ముందుకు వెళ్తే గానీ అది కళ్లబడదు. నిజంగా వదిలేసి పోయే మనిషికే పాత ధర కనిపిస్తుందన్నమాట. మీతోనే ఉండాలనుకున్న మనిషికి కనిపించదు. ఏళ్ల తరబడి ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టినవాడికి మీరిచ్చే విలువ ఇదేనా?

ఆ బటన్ నొక్కడానికి ఎంత ధైర్యం కావాలో రెడ్మండ్‌లోని మీ ప్రధాన కార్యాలయంలో కూర్చున్నవాళ్లకు తెలుసా? ఆ చందాతోనే వన్‌డ్రైవ్ అనే ఆన్‌లైన్ నిల్వ వస్తుంది. మనవల ఫోటోలు, పాస్‌పోర్టు కాపీలు, వీసా కాగితాలు, ఇంటి అప్పు పత్రాలు అన్నీ అందులోనే ఉంటాయి. ‘రద్దు’ అన్న మాట చూడగానే అవన్నీ పోతాయేమోనని చెయ్యి వెనక్కి పోతుంది. పిల్లలు ఇంకో నగరంలో ఉండి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పెద్దవాళ్లయితే అటువైపు చూడనైనా చూడరు. కార్డులోంచి డబ్బు పోతుంది, వాళ్లు మాట్లాడరు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద లెక్క వేసుకోవడం న్యాయమేనా?

ఇక ఫ్యామిలీ ప్లాన్. అది ఆరుగురి దాకా వాడుకోవడానికి. అందుకే కదా కుటుంబాలు దాన్ని తీసుకున్నది! ధర 40 డాలర్లు పెరిగింది. మరి ఆ ఆరుగురికీ కోపైలట్ వచ్చిందా? చందా ఎవరి పేరు మీద ఉందో వాళ్లొక్కరికే. మిగిలిన ఐదుగురికి కొత్తగా అందింది ఏమీ లేదు, ఇంటి బిల్లు మాత్రం పెరిగింది. దీన్ని కుటుంబానికిచ్చిన అప్‌గ్రేడ్ అని ఎలా అన్నారు? ఈ నిర్ణయం తీసుకున్న గదిలో ‘మరి మిగతా ఐదుగురి సంగతేమిటి’ అని ఒక్కరైనా అడగలేదా?

అన్నీ ఉచితంగా ఇవ్వమని అడగడం లేదు. సాఫ్ట్‌వేర్ రాసే పిల్లల్లో మా ఇళ్లవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ల పనికి ధర ఉండాలి. కొత్త వెర్షన్ తెచ్చి, ‘ఇందులో ఇవి కొత్తగా ఉన్నాయి, కావాలంటే ఇంత’ అని చెబితే కొనేవాళ్లు కొంటారు, అక్కర్లేనివాళ్లు పాతదానితో సరిపెట్టుకుంటారు. అందులో తగాదా ఏముంది? పాత ఖాతాదారు దగ్గర డబ్బు తీసుకోకూడని సందర్భాలు నా దృష్టిలో రెండే. చేతిలో ఉన్న వస్తువు సురక్షితంగా పనిచేస్తూ ఉండాలంటే తప్పనిసరిగా కావలసిన మార్పు ఒకటి. అతను అడగకుండా మీరే తెచ్చి పెట్టిన మార్పు రెండోది. ఈ రెండిటికీ బిల్లు వేస్తే అది అమ్మకం కాదు, వసూలు.

ఈ మర్యాద మీ కంపెనీకి ఒకప్పుడు తెలుసు. 2010లో ఆఫీస్ కొత్త వెర్షన్ వస్తున్నప్పుడు, ఆ ఏడాది మార్చి 5 నుంచి సెప్టెంబరు 30 లోపు ఆఫీస్ 2007 కొన్నవాళ్లకు ఆఫీస్ 2010ను ఉచితంగా ఇచ్చారు. నిన్న కొన్నవాడు నేడు మోసపోయానని అనుకోకూడదన్న ఆలోచన అప్పుడు ఎవరికో వచ్చింది. 2015 జులైలో విండోస్ 10 వచ్చినప్పుడు విండోస్ 7, 8.1 వాడుతున్నవాళ్లకు ఏడాదిపాటు ఉచిత అప్‌గ్రేడ్ ఇచ్చారు. అప్పటికి మీరు పగ్గాలు పట్టి ఏడాదిన్నర. కావాలన్నవాళ్లకు కొత్తది ఊరికే ఇచ్చిన చెయ్యి, వద్దన్నవాళ్లకు కూడా బిల్లు రాసే చెయ్యిగా ఎప్పుడు మారింది? ఎందుకు మారింది? 2025 జూన్‌తో ముగిసిన సంవత్సరంలో మీ నికర లాభం 10 వేల కోట్ల అమెరికన్ డాలర్లు దాటింది. అవసరం కొద్దీ చేశారని ఎవరూ అనుకోలేరు.

అదే విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగించారు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో, నిక్షేపంలా పనిచేస్తున్న ఎన్నో కంప్యూటర్లు విండోస్ 11కి పనికిరాకుండా పోయాయి. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు కావాలంటే 30 అమెరికన్ డాలర్లు కట్టాలి, లేదా సెట్టింగులన్నీ మీ క్లౌడ్‌లో బ్యాకప్ పెట్టాలి, లేదా వెయ్యి రివార్డు పాయింట్లు ఇచ్చుకోవాలి. ఐరోపా ఆర్థిక మండలిలో ఉన్నవాళ్లకు మాత్రం అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబట్టాక ఈ షరతులేమీ లేకుండా ఉచితమన్నారు. బెర్లిన్‌లో కంప్యూటర్‌కు పట్టే వైరసే కదండీ బ్రిస్బేన్‌లోనూ పట్టేది! అక్కడ ఉచితంగా ఇవ్వగలిగిన రక్షణ ఇక్కడ ఎందుకు ఇవ్వలేరు? గొంతు పెద్దదైతేనే ఇస్తారా?

ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం సాఫ్ట్‌వేర్‌ను వస్తువు కిందే లెక్కిస్తుంది. 2016లో వాల్వ్ అనే ఆటల కంపెనీకి, రిఫండ్ల విషయంలో ఖాతాదారులకు తప్పుడు మాటలు చెప్పినందుకు, ఫెడరల్ కోర్టు 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది. వస్తువు అమ్మిన తయారీదారు దాని మరమ్మతుకు, విడిభాగాలకు సమంజసమైన కాలం పాటు ఏర్పాటు చూడాలని కూడా ఈ చట్టంలో ఉంది. నేను వకీలును కాను. అయినా అడుగుతాను: ఈ రోజుల్లో కంప్యూటర్‌కు భద్రతా అప్‌డేట్ కంటే ముఖ్యమైన విడిభాగం ఏది?

మీ కంపెనీతో ఈ దేశానికి పేచీ ఇవాళ్టిది కాదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ధరలు అంతంత ఎందుకో చెప్పండని 2013లో పార్లమెంటు కమిటీ యాపిల్, మైక్రోసాఫ్ట్, అడోబీలకు సమన్లు పంపి పిలిపించాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వాడే మీ విజువల్ స్టూడియోలో ఒక రకం అమెరికా కంటే ఇక్కడ ఎనిమిది వేల డాలర్లకు పైగా ఎక్కువని, ఒక మనిషికి జీతమిచ్చి రెండుసార్లు అమెరికాకు విమానంలో పంపి తెప్పించుకున్నా ఇంకా చవకేనని ‘చాయిస్’ అనే వినియోగదారుల సంస్థ ఆ కమిటీకి లెక్క వేసి చూపించింది. పన్నెండేళ్లయింది. సాఫ్ట్‌వేర్‌ను డబ్బాల్లో అమ్మిన రోజులు పోయి చందాల రోజులొచ్చాయి. ముందు ఆస్ట్రేలియా మీద, న్యూజిలాండ్ మీద, మరికొన్ని ఆసియా దేశాల మీద ఈ కోపైలట్ ధరల పెంపు పెట్టి చూసి, తర్వాతే, 2025 జనవరిలో, అమెరికాకు తీసుకెళ్లారు. ఎప్పుడూ ముందు మేమేనా?

ఇంకొక మాట. ఆ రోజు సమన్లందుకున్న మూడు కంపెనీల్లో రెండింటి పగ్గాలు పట్టింది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నవాళ్లే: మీరూ, అడోబీలో శంతను నారాయణ్ గారూ. మీరు పదవిలోకి వచ్చిన 2014 ఫిబ్రవరిలో ప్రపంచంలోని తెలుగువాళ్లందరితో పాటు మేమూ పొంగిపోయాం. పేద రైతు కోసం ఆలోచించిన ఐఏఎస్ అధికారిగా మీ నాన్నగారు యుగంధర్ గారి పేరు తలచుకున్నాం. మీ పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో ఎదుటివాళ్ల కష్టాన్ని తమదిగా అర్థం చేసుకోవడం గురించి మీరు రాసింది మా పిల్లల చేత చదివించాం. అందుకే ఈ ఉత్తరం మీ కంపెనీ ప్రతినిధికి కాకుండా మీకే రాస్తున్నాను. పరాయివాళ్లయితే ఇంత కోపం వచ్చేది కాదేమో.

మైక్రోసాఫ్ట్ దగ్గర ప్రతి ఖాతాదారు చిరునామా ఉంది, కార్డు ఉంది, ఎప్పుడు ఎంత తీసుకున్నారో లెక్క ఉంది. కోపైలట్‌ను ఎవరు ఒక్కసారి కూడా తెరవలేదో అదీ మీ యంత్రాలకు తెలియకుండా ఉంటుందా? డబ్బు తీసుకోవడానికి అడగనివాళ్లు ఇవ్వడానికి ఎందుకు అడుగుతున్నారు? క్షమాపణ ఈమెయిల్ ప్రకటనల మెయిళ్ల మధ్య పడిపోయి చూడనివాళ్ల సంగతేమిటి? చదివినా అర్థం కానివాళ్లు? ఈ ఏడాది కాలంలో కన్నుమూసినవాళ్లు? జనవరి 1న మేలుకుని ‘అయ్యో, నాకూ వచ్చేదా’ అనేవాళ్లకు ఏం చెబుతారు? రేపు ఇంకో కొత్త ఏఐ వస్తువు తయారైతే మళ్లీ ఇలాగే కలిపేస్తారా?

ఈ సంగతి ఒకసారి స్వయంగా చూడండి. మీ వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. డిసెంబరు 31 దాకా ఆగనక్కర్లేదు.

ఇట్లు,
సిడ్నీలో ఉంటున్న ఒక తెలుగు మనిషి