తంగేడు పువ్వుకు పీఠం, చెక్కకు వెలి

కోసిన పువ్వు ఆయుష్షు కొన్ని గంటలే. ఆ గడువును పొడిగించడానికి తెలంగాణ స్త్రీలు తరతరాలుగా ఎంతో నేర్పు కూడబెట్టారు. తొలిరోజు బతుకమ్మకు ముందునాడే పూలు కోసుకొచ్చి, నీళ్లు చిలకరించి, వాడిపోకుండా కాపాడతారు. ఒక రాత్రి నిలవున్న పూలతో పేర్చేది కనుకనే దానికి ఎంగిలిపూల బతుకమ్మ అన్న పేరు వచ్చిందని ఒక వివరణ. ఎంగిలి, మైల, అంటు అన్నవి మన సమాజంలో అమాయకమైన మాటలు కావు. పువ్వు విషయంలో పండుగకు పేరైన భావనే మనిషి విషయంలో వెలివాడకు గోడ అయింది.

ఈ ద్వంద్వ నీతికి తంగేడే సాక్ష్యం. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా, బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఆ గౌరవం సముచితమే. కానీ తంగేడంటే పువ్వొక్కటే కాదు. దాని బెరడును తంగేడు చెక్క అంటారు. పచ్చితోలును సున్నపునీటిలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయలు వేసిన లందలో రోజుల తరబడి ఊరవేస్తే, కుళ్లిపోవలసిన చర్మం ఏళ్లపాటు మన్నే తోలవుతుంది. ఆ తోలుతో కుట్టిన మోట తొండాలే ఊరి పొలాలకు నీళ్లు తోడాయి. 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు వెళ్లిన తోళ్లను పదును చేయడంలోనూ ఈ చెక్కదే ప్రధాన పాత్ర. ఇంతటి రసాయన విజ్ఞానాన్ని ప్రయోగశాలల అండ లేకుండా సాధించినవారు మాదిగలు, ఇతర చర్మకార కులాలవారు.

పువ్వును ఒక రాత్రి నిలిపిన నేర్పు సంస్కృతిగా గుర్తింపు పొందింది. చర్మాన్ని ఏళ్ల తరబడి నిలిపిన నేర్పు అంటరానితనంగా మిగిలింది. మొక్క ఒక్కటే. విలువ కట్టింది కులం.

ఒకసారి తరగతిలో తంగేడు గురించి అడిగాను. అందరూ పువ్వు గురించే చెప్పారు. ఒక విద్యార్థి మాత్రం తన తాత లంద గురించి మొదలుపెట్టి, చుట్టూ చూసి, మాట మధ్యలోనే ఆపేశాడు. ఆ మౌనానికి బాధ్యత అతనిది కాదు, మన పాఠ్యపుస్తకాలది.

పండుగలోకి కులాన్ని లాగుతున్నారని కొందరు ఆక్షేపించవచ్చు. పూజారి అవసరం లేకుండా, శ్రామిక స్త్రీలు తమ పాటలతో నిలబెట్టుకున్న పండుగ బతుకమ్మ. అందులోని ప్రజాస్వామిక గుణాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే ఆ ఆటలో తమకు చోటెక్కడని దళిత రచయిత్రులు ఎప్పుడో ప్రశ్నించారు. ప్రశ్న అడిగినవారు కులాన్ని తేలేదు; అది అంతకుముందే అక్కడ ఉంది.

చేయవలసిన పనులు స్పష్టం. రాష్ట్ర పుష్పం గురించి చెప్పే ప్రతి పాఠంలో తంగేడు చెక్క గురించీ, లంద గురించీ చెప్పాలి. క్రోము పద్ధతి వచ్చాక కనుమరుగవుతున్న ఈ విజ్ఞానాన్ని వృద్ధ చర్మకారులు జీవించి ఉండగానే విశ్వవిద్యాలయాలు నమోదు చేయాలి. వారిని సమాచారమిచ్చేవారిగా కాక గురువులుగా పిలవాలి. వేరు బతుకమ్మలు ఆడే ఊళ్లలో సద్దులనాడు ఒకే చెరువుగట్టున అందరి బతుకమ్మలూ కలవాలి.

ఆ విద్యార్థి తన తాత పనితనాన్ని తరగతిలో తలెత్తుకొని చెప్పగలిగిన రోజునే తంగేడు నిజంగా రాష్ట్ర పుష్పమవుతుంది.