తెర చాటు కబుర్లు: గీత వెనకాల మనిషి

మొన్న పామర్రు సెంటర్లో టీ తాగుతుంటే ఓ కుర్రాడు అడిగాడు: "సినిమా తీసి, దాని మీద కాగితం పెట్టి బొమ్మ దిద్దేస్తే అదీ కళేనాండీ?" రోటోస్కోపింగ్ సంగతి ఎక్కడో విన్నాట్ట. ప్రశ్న చిన్నదే, జవాబే కాస్త పొడుగు.

ఈ పద్ధతికి 1915లో పేటెంటు కోరినవాడు అమెరికాలో మాక్స్ ఫ్లైషర్. 1917లో దక్కింది. తమ్ముడు డేవ్‌కి జోకరు వేషం కట్టి సినిమా తీశాడు. ఆ ఫిల్మును ఒక్కొక్క ఫ్రేమే అద్దం మీద పడేట్టు చేసి, కాగితంపై దిద్దాడు. కోకో అనే జోకరు బొమ్మ అలా పుట్టింది. అది గాలిలో తేలే బొమ్మలా కాక, ఒంటి బరువున్న మనిషిలా కదిలింది. చూసేవాళ్లని కట్టిపడేసింది అదే.

మరి దిద్దితే చాలా? చాలదు. ఇక్కడ బస్సెక్కితే కాసేపట్లో కూచిపూడి. అక్కడ ఎవరైనా జతి ఆడుతుంటే ఫిల్ము తీసి, ప్రతి కుచ్చిళ్ల మడతా, ప్రతి గజ్జే గీశామనుకోండి. గీతల గుంపులో ఆట కనిపించదు. పాదం నేలకి తగిలే క్షణం, చేతి వెంట వెళ్లే చూపు పట్టుకోవాలి. ఏది వదలాలో తెలియడమే అసలు విద్య. 1937 నాటి 'స్నోవైట్' కోసం మార్జ్ ఛాంపియన్ ఆడి చూపిస్తే, డిస్నీ చిత్రకారులు కూడా ఉన్నదున్నట్టు దిద్దలేదు, కావలసినచోట మార్చుకున్నారు.

ఓపిక మాటంటారా? సెకనుకి 24 ఫ్రేములు. మూడు నిమిషాల పాటకే 4,320! నిమ్మకూరు రామారావుగారు కృష్ణుడైన 'మాయాబజార్' (1957) 2010లో రంగుల్లో వచ్చింది కదా. అది కార్టూను కాకపోయినా కావలసింది ఇలాంటి ఓపికే. కదిలే బొమ్మలో కిరీటం ఎక్కడ ఆగి నుదురు ఎక్కడ మొదలవుతుందో తేలిస్తేనే గదా రంగు పొర్లకుండా నిలిచేది!

ఇవాళ గ్రాఫిక్స్ స్టూడియోల్లో 'రోటో' అంటే ఈ హద్దు గీయడమే. హీరో చుట్టూ కంప్యూటర్లో గీత కట్టి, వెనకాల కోటో కొండో పెడతారు. గీత కుదిరితే ఎవరికీ కనిపించదు. తప్పితే హాలంతా నవ్వుతుంది.

కుర్రాడి అసలు బాధ అప్పుడు బయటపడింది. హైదరాబాదు వెళ్లి రోటో నేర్చుకుంటానంటే, "గీతలు దిద్దే ఉద్యోగమేంట్రా?" అంటున్నారట ఇంట్లో.

"దిద్దడమే అనుకుంటే వాళ్ల మాటే నిజం. కంప్యూటరు కూడా దిద్దడం నేర్చుకుంటోంది. మనిషి ఎలా కదుల్తాడో చూడ్డం నువ్వు నేర్చుకో," అన్నాను.

టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. మీరు మాత్రం ఈసారి బొమ్మ అయ్యాక పేర్లు పడేదాకా కూర్చోండి. రేపు అందులో ఓ పామర్రు పేరు ఉండొచ్చు.