వెట్టికి అంకితభావమని పేరా?

మా వయసువారు నలుగురు కూడిన చోటనెల్లా ఈ మధ్య ఒకే నింద వినవస్తున్నది. ఈ కాలపు పిల్లలకు పనిలో శ్రద్ధ లేదట. సాయంత్రం ఆరు కాగానే కంప్యూటరు మూసివేస్తారట. జీతం మాత్రం పెంచమంటారట. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు అన్నప్పుడు తలలూపినవారు మనలోనే ఉన్నారు. ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్‌గారు 90 గంటలన్న మాట 2025లో బయటికి వచ్చినప్పుడు గాని కొందరికి నోట మాట పడిపోలేదు.

లెక్క చూద్దాం. రోజుకు తొమ్మిది గంటల చొప్పున ఐదు రోజులకు 45. తక్కిన 25 గంటలకు వేతనమేది? పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలలో కొత్తగా చేరే సామాన్య ఇంజనీరు జీతం పదేళ్ళకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. హైదరాబాదులో ఇంటి అద్దె ఆగిందా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే అదనపు గంటకు రెట్టింపు కూలి ఇమ్మన్నది. చదువుకున్న పాపానికి ఆ న్యాయం వీరికి వర్తించదా?

మాటలకు అర్థం చెప్పడం నా వృత్తి. కూలి లేని చాకిరికి మన భాషలో పేరు వెట్టి. నాటి దొరల గడీలలోని క్రూరత్వం నేటి అద్దాల మేడలలో లేదు, నిజమే. కాని ఇష్టం లేకున్నా, ఉద్యోగం పోతుందన్న భయంతో, ఊరికే చేసే పనిని అంకితభావమనడం అర్థభేదం ఎరుగని మాట.

"మేము జవాబు పత్రాలు ఇంటికి తెచ్చి దిద్దలేదా?" అంటారు తోటి పంతుళ్ళు. దిద్దాము. కాని మనకు ఉద్యోగ భద్రత ఉన్నది. 2004కు ముందు చేరినవారం గనుక పాత పింఛనూ ఉన్నది. ఈ పిల్లలకు ఒక్క ఈమెయిలుతో కొలువు ఊడుతుంది. అంతేకాదు, వేతన సవరణ అన్యాయంగా ఉన్నదని 2022 ఫిబ్రవరి 3న విజయవాడ వీధులను ముంచెత్తినది మన ఉపాధ్యాయులూ ఉద్యోగులూ కారా? మనం అడిగితే హక్కు, పిల్లలు అడిగితే సోమరితనమా?

పెద్దలకు నా మనవి ఒక్కటే. రాత్రి పదింటికి మీ అబ్బాయి ఆఫీసు ఫోను ఎత్తకపోతే మేనేజరు తరఫున మీరు మందలించకండి. వాడి కంచంలో మరో ముద్ద వడ్డించండి.