దేవుడి ప్రశ్నకు ఇంట్లో చోటు

ఎమిరేట్స్‌లో పెరిగే తెలుగు పిల్లలకు దేవుడి ప్రశ్న గ్రంథాల్లో కన్నా ముందు బడిలోనే ఎదురవుతుంది. ముస్లిం విద్యార్థులు ఇస్లామిక్ ఎడ్యుకేషన్ పీరియడ్‌కు లేచి వెళతారు, మిగిలినవారు వేరే పాఠం దగ్గర ఉండిపోతారు. రోజుకు ఐదుసార్లు అజాన్ వినబడుతుంది. పక్క బెంచీలో కూర్చునే కేరళ క్రైస్తవ బాలికకు, ఎదుటి బెంచీలోని ఈజిప్టు కుర్రవాడికి, ఇంట్లో సత్యనారాయణ వ్రతం చూసి వచ్చిన విజయవాడ పిల్లవాడికి ఎవరి దేవుడి మీద వారికి గట్టి నమ్మకం. అందరూ ఒకేసారి సరైనవారు కాగలరా అన్న సందేహం పదేళ్ళ వయసులోనే పుడుతుంది. అదే పిల్లవాడు గోదావరి జిల్లాలోని ఒక అగ్రహారంలో పెరిగి ఉంటే ఆ సందేహం పుట్టడానికి మరో పదేళ్ళు పట్టేదేమో.

ఈ దేశంలో దేవుడికి చోటు తక్కువేమీ కాదు. బర్ దుబాయ్‌లో 1958 నుంచి హిందువుల ఆరాధన సాగింది. జెబెల్ అలీలో చర్చిల పొరుగున 2012లో గురుద్వారా, 2022లో హిందూ దేవాలయం వెలిశాయి. అబూ మురైఖాలో ఏడు శిఖరాల రాతి మందిరం 2024 ఫిబ్రవరిలో తెరుచుకుంది. అబూధాబిలోని సాదియాత్ ద్వీపంలో మసీదు, చర్చి, యూదుల ప్రార్థనా మందిరం ఒకే ప్రాంగణంలో 2023 నుంచి నిలిచి ఉన్నాయి. ఇన్ని విశ్వాసాలు ఇంత దగ్గరగా, ఇంత సామరస్యంగా ఉండటం చిన్న విషయం కాదు. అయితే విశ్వాసానికి ఉన్నంత విశాలమైన చోటు విశ్వాసం మీది ప్రశ్నకు లేదు. మతాలనూ దైవాన్నీ అవమానించడాన్ని శిక్షార్హం చేసే చట్టం 2015లో వచ్చింది. 2023లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. అవమానం వేరు, సందేహం వేరు అన్నది నిజమే. కానీ ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు సోషల్ మీడియాలో ప్రయోగం చేసి తెలుసుకోవాల్సిన విషయం కాదు. తల్లిదండ్రుల జాగ్రత్తలో తప్పు లేదు. ఇక ఆ యువకుడు మనసు విప్పి మాట్లాడటానికి మిగిలే చోటు ఒక్కటే, ఇల్లు. ఆ ఇల్లు కూడా తలుపు మూసుకుంటే ఏమవుతుందన్నదే ఇక్కడి అసలు సమస్య.

చాలా ఇళ్ళలో ఆ తలుపు మూసుకునే ఉంటుంది. దేవుడున్నాడా అని పిల్లలు అడిగితే వచ్చే జవాబులు తరతరాలుగా అవే. కళ్ళు పోతాయి, లెంపలేసుకో అనేది మొదటిది. పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే అనేది రెండోది. రెండూ ప్రశ్నను ఆపేవే తప్ప ప్రశ్నకు బదులిచ్చేవి కావు. పిల్లవాడు మాట్లాడటం మానేస్తాడు. శుక్రవారం దీపం దగ్గర చేతులు జోడిస్తాడు, తిరుపతి ప్రయాణంలో గుండు చేయించుకుంటాడు, హాస్టల్‌కు వెళ్ళిన మరునాటి నుంచి అన్నీ వదిలేస్తాడు. తల్లిదండ్రులు ఆ మౌనాన్ని భక్తి అనుకుంటారు. దీనికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. దేవుడి పటం లేని హేతువాదుల ఇంట్లో రహస్యంగా హనుమాన్ చాలీసా చదువుకునే ఆడపిల్ల పరిస్థితి కూడా ఇంతే. అక్కడ కళ్ళు పోతాయన్న బెదిరింపుకు బదులు చదువుకున్నదానివి, నీకిదేం పిచ్చి అన్న ఎగతాళి ఉంటుంది.

ఈ విషయంలో అంకెలు కొంత మేరకే ఉపయోగపడతాయి. ప్యూ పరిశోధనా సంస్థ 2021లో ప్రచురించిన సర్వేలో భారతీయుల్లో 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. ఎమిరేట్స్‌ను చేర్చని అరబ్ బారోమీటర్ సర్వేలో, తమకు మతాసక్తి లేదని చెప్పినవారు 2013లో 8 శాతం ఉంటే 2019 నాటికి 13 శాతం అయ్యారు. ముప్ఫై ఏళ్ళ లోపువారిలో 18 శాతం మంది ఆ మాట అన్నారు. ఈ అంకెలు చూసి ఒకరు సంబరపడటం, మరొకరు బెంబేలెత్తడం పరిపాటి. రెండూ తొందరపాటే. మతాసక్తి లేదన్నవాడు దేవుడు లేడన్నట్టు కాదు. నమ్ముతానన్నవాడు తన జీవితాన్ని దేవుడి చేతికి అప్పగించినట్టూ కాదు. దేవుడున్నాడా అనే ఒక్క ప్రశ్న కింద నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. సృష్టికి కర్త ఉన్నాడా? మతం పేరిట మాట్లాడే మనుషుల మాట వినాలా? పూజలు, పండుగలు, ఉపవాసాలు మనకెందుకు? యువత చెప్పే లేదులో ఎక్కువ భాగం రెండో ప్రశ్నకు జవాబు. వారు చెప్పే ఔనులో ఎక్కువ భాగం మూడో ప్రశ్నకు. మొదటి ప్రశ్న దాకా వెళ్ళినవారు రెండు వైపులా కొద్దిమందే.

ఆ కొద్దిమంది ఎలా ఉంటారో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్ళనక్కరలేదు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల చరిత్ర చాలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు. ఆయన బ్రహ్మసమాజీకుడు. విగ్రహం లేని, కులం లేని ఒకే దైవాన్ని నమ్మి, ఆ నమ్మకం బలంతోనే అనాథలను, అంటరానివారన్న ముద్ర పడ్డవారిని చేరదీశారు. ఆయన ప్రభావంలో పడిన విద్యార్థుల్లో చలం ఒకరు. అదే కళాశాలలో తర్వాత వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, దేవుడనే భావన గురించి రాసిన వ్యాసం కారణంగా 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఒకే కళాశాల నుంచి ఒక ఆస్తికుడు, ఒక నాస్తికుడు, ఇద్దరికీ అందని ఒక అన్వేషి తెలుగు సమాజానికి దక్కారు. కులం విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకటే పక్షం.

గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. దేవుడు లేడని వాదించి గెలవడంతో ఆయనకు తృప్తి లేదు. దేవుడి పేరు మీద నిలబెట్టిన అంటరానితనాన్ని సహపంక్తి భోజనాలతో, కులాంతర వివాహాలతో కూల్చడం ఆయన పని. ఆ పనే 1944 చివరలో ఆయన్ను సేవాగ్రామ్‌లో గాంధీ ముందు నిలబెట్టింది. రామనామం మీద బతికిన మనిషి, రాముడే లేడన్న మనిషి గంటల కొద్దీ మాట్లాడుకున్నారు. ఆ సంభాషణలను గోరా ఆంగ్లంలో రాయగా 1951లో నవజీవన్ సంస్థ ప్రచురించింది. నూరు పేజీలు కూడా లేని ఆ పుస్తకం ఎమిరేట్స్‌లోని ప్రతి తెలుగు ఇంటి అలమరలో ఉండదగినది. అందులో ఎవరూ ఎవరినీ మార్చలేదు. తన ఆస్తికత్వమే సరైనదనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనని గాంధీ ఒప్పుకున్నారు. ఇద్దరూ ఒకరి వాదాన్ని ఒకరు పని చూసి తూచారు.

ఆ స్నేహానికి పరీక్ష ఒక పెళ్ళి రూపంలో వచ్చింది. గోరా పెద్ద కుమార్తె మనోరమకు, దళితుడైన అర్జునరావుకు సేవాగ్రామ్‌లో తానే పెళ్ళి జరిపిస్తానన్నారు గాంధీ. పెళ్ళి ప్రమాణంలో దేవుడి పేరు ఉండాలి కదా అన్న చిక్కు వచ్చింది. ఆ చోట సత్యం అనే మాట పెట్టడానికి ఆయన అంగీకరించారు. 1931లోనే దైవమే సత్యం అన్న వాక్యాన్ని తిరగేసి సత్యమే దైవం అన్న మనిషికి ఆ మార్పు కష్టం కాలేదు. పెళ్ళి నాటికి గాంధీ లేరు. ఆయన హత్య జరిగిన ఆరు వారాల తర్వాత, 1948 మార్చిలో, ఆయన మాట ప్రకారం అది సేవాగ్రామ్‌లోనే జరిగింది. అబ్బాయి పెళ్ళిలో హోమం వద్దంటున్నాడని తల పట్టుకునే ఇళ్ళకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. విశ్వాసి తన విశ్వాసాన్ని వదులుకోకుండానే ఒక మాట వదులుకోవచ్చు.

మూడోవాడైన చలం దారి ఇంకా విచిత్రం. 1894లో పుట్టి, యౌవనంలో బ్రహ్మసమాజం వైపు వెళ్ళి, ఆపైన దాన్నీ వదిలి, తెలుగునాట ధర్మం పేరిట చెల్లుబాటయ్యే ప్రతిదాన్నీ ప్రశ్నించిన రచయిత, 1950లో అరుణాచలం చేరి 1979లో మరణించేవరకూ అక్కడే ఉండిపోయారు. ఆయన ఓడిపోయాడని నాస్తికులు, దారికొచ్చాడని ఆస్తికులు అన్నారు. రెండు మాటల్లోనూ చలం లేరు. ఇరవై ఏళ్ళ వయసులో మనిషి ఇచ్చే జవాబు అతని చివరి జవాబు కానక్కరలేదని మాత్రం ఆయన జీవితం రుజువు చేస్తుంది. కొడుకు దేవుడు లేడన్నాడని కుమిలిపోయే తండ్రికీ, కూతురు ఉపవాసాలు పట్టిందని నవ్వే తల్లికీ ఇది వర్తిస్తుంది.

ఈ ప్రశ్న మీద చదవవలసిన మరో పుస్తకం అరబ్బీ భాషది. పన్నెండో శతాబ్దపు అందలూసియాలో పుట్టి, రాజవైద్యుడిగా పనిచేసి 1185లో మరణించిన ఇబ్న్ తుఫైల్ రాసిన హయ్ ఇబ్న్ యఖ్‌జాన్ కథ అది. నిర్జన ద్వీపంలో ఒక లేడి పాలు తాగి పెరిగిన పసివాడు హయ్. అతడికి ఏడేళ్ళ వయసులో లేడి చనిపోతుంది. తన తల్లిలో ఆగిపోయినదేమిటో తెలుసుకోవడానికి అతడు ఆమె రొమ్ము కోసి గుండెను వెతుకుతాడు. అందులోని ఒక గది ఖాళీగా కనిపిస్తుంది. తాను ప్రేమించినది ఈ దేహం కాదు, ఇందులో ఉండి వెళ్ళిపోయినదేదో అని గ్రహిస్తాడు. అక్కడి నుంచి గ్రంథమూ గురువూ లేకుండా, కేవలం పరిశీలనతో, తర్కంతో మెట్టు మెట్టుగా సృష్టికర్త దాకా నడుస్తాడు. శవపరీక్షతో మొదలై దైవదర్శనంతో ముగిసే ఇటువంటి ప్రయాణం వైద్యుడైన రచయితకే తట్టి ఉంటుంది.

హయ్ చేరుకున్న జవాబుతో ఏకీభవించనక్కరలేదు. గమనించవలసింది ఇబ్న్ తుఫైల్ అతడికి ఇచ్చిన స్వేచ్ఛను. గట్టి విశ్వాసి అయిన రచయిత తన కథానాయకుణ్ణి మొదటి రోజే నమ్మమనలేదు, దాదాపు యాభై ఏళ్ళు వెతకనిచ్చాడు. కథ చివర హయ్ పక్క ద్వీపానికి వెళ్ళి, తాను తెలుసుకున్నదాన్ని అక్కడివారికి బోధించబోయి విఫలమై తిరిగి వస్తాడు. ఒకరు నడిచి చేరిన చోటికి మరొకరిని మోసుకెళ్ళలేమన్న ఎరుక ఆ వైఫల్యంలో ఉంది. ప్రశ్నించడం పడమటి దేశాల నుంచి అంటుకున్న జబ్బు అనేవారికి కూడా ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఈ అరబ్బీ కథే సమాధానం.

ప్రశ్నించే యువకుడి మీద పెద్దలు వేసే ఇంకో నింద అహంకారం. సరిగ్గా ఆ నిందకే భగత్ సింగ్ 1930 అక్టోబరులో లాహోర్ జైలు నుంచి జవాబు రాశాడు. అప్పటికి అతడికి 23 ఏళ్ళు, ఉరి ఖాయమైంది. నమ్మకం కష్టాన్ని తేలిక చేస్తుందని అతడు కాదనలేదు. తనకు ఆ ఊరట లేదని తెలిసే, ఊరట కోసం నమ్మడం నిజాయితీ కాదన్నాడు. ఫోనులో రెండు నిమిషాల వీడియో చూసి దేవుణ్ణి కొట్టిపారేసే కుర్రవాడు ఆ వ్యాసం చదివితే తన నాస్తికత్వం ఎంత చవకగా దొరికిందో తెలుసుకుంటాడు. వేదాల్లో విమానాలున్నాయన్న వాట్సాప్ సందేశాన్ని ముందుకు తోసే కుర్రవాడు హయ్ కథ చదివితే తన ఆస్తికత్వం గురించి అదే తెలుసుకుంటాడు.

ఆ ఊరట మాటను తేలిగ్గా తీసెయ్యడానికీ వీల్లేదు. జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో అప్పుచేసి వచ్చి, లేబర్ క్యాంపులో మరికొందరితో గది పంచుకునే పాతికేళ్ళ యువకుడి మంచం పక్కన అంటించిన రాజన్న పటం తర్కంలో ఒక ప్రతిపాదన కాదు. ఇంటి దగ్గర తల్లికి జబ్బు చేసినప్పుడు అతడు చేయగలిగింది డబ్బు పంపడం, మొక్కుకోవడం మాత్రమే. అతడికి దేవుడు లేడని చెప్పదలిచినవారు ముందు అతడి అప్పు లెక్క చూడాలి. ఆ అప్పును దేవుడి లీలగా వివరించేవారు కూడా అదే లెక్క చూడాలి.

ఇంత చెప్పినా తల్లిదండ్రుల గుండెలో ఒక భయం మిగులుతుంది. అది దేవుడి గురించి కన్నా తెలుగు గురించిన భయం. పరాయి దేశంలో పిల్లలకు తెలుగు చేరే దారులు తక్కువ. పోతన పద్యం, అన్నమయ్య పాట, ఉగాది పంచాంగ శ్రవణం, ఇలా ప్రతి దారీ గుడి మీదుగానే వెళుతుంది. దేవుణ్ణి వదిలితే భాష కూడా జారిపోతుందేమోనని వారి దిగులు. దిగులు నిజమైనదే కానీ దానికి ఆధారం బలహీనం. వేమన తెలుగు, త్రిపురనేని రామస్వామి తెలుగు, జాషువా తెలుగు కూడా తెలుగే. ప్రశ్నించినవారి తెలుగుకు భక్తుల తెలుగుకున్నంత బలమూ ఉంది, వారసత్వమూ ఉంది. పైగా పోతనను చదవడానికి విష్ణువును నమ్మి తీరాలన్న నియమం లేదు. మొసలి నోట చిక్కిన ఏనుగు మొర వినడానికి మనిషైతే చాలు. పిల్లవాడి ముందు గుడి, తెలుగు రెండూ ఒకే ముడిగా పెడితే, ఒకటి వద్దనుకున్న రోజున అతడు రెండూ వదిలేస్తాడు. ఆ ముడి వేస్తున్నది పెద్దలే.

ఇంట్లో నమ్మేవారు, నమ్మనివారు కలిసి ఉండటానికి కొత్త సిద్ధాంతాలు అక్కరలేదు. దీపం పెట్టే తల్లి కొడుకును బలవంతంగా పక్కన నిలబెట్టకుండా ఉంటే చాలు. ఆ కొడుకు దీపాన్ని వెక్కిరించకుండా, అమ్మ చేతిలోని ప్రసాదం అందుకుంటే చాలు. ప్రశ్న వచ్చినప్పుడు తెలియదు అనే మాట అనడానికి తండ్రి సిగ్గుపడకపోతే ఇంకా మంచిది. రామభక్తుడైన, డెబ్బై ఏళ్ళు దాటిన గాంధీ ఒక తెలుగు నాస్తికుడితో ఆ మాట అనగలిగారు. దుబాయ్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో, భోజనాల బల్ల దగ్గర, కన్న బిడ్డతో ఆ మాట అనడం అంతకన్నా కష్టం కాకూడదు.